పడిపోయిన దేశంలో పాతికేళ్లవాళ్లకు ఏ పని అప్పజెప్పాలి?

యుద్ధం ముగిసిన దేశమైనా, ఖజానా ఖాళీ అయిన దేశమైనా, నియంత పారిపోయిన దేశమైనా, మొదటి నెలలో వేదికల మీద వినిపించే మాట ఒకటే: యువతే దేశానికి వెన్నెముక. చప్పట్లు మోగుతాయి. సరే, ఆ వెన్నెముక సోమవారం పొద్దున 8 గంటలకు ఎక్కడికి రావాలి, ఏ పనిముట్టు పట్టుకోవాలి, సాయంత్రానికి ఎంత పని జరిగితే జరిగినట్టు లెక్క, డబ్బులు ఎవరిస్తారు, ఏ రోజున ఇస్తారు అని అడిగితే మాత్రం వేదిక మీదివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఈ పోస్టు ఆ ప్రశ్నల గురించే.

ఉత్సాహం గురించి బెంగ అక్కర్లేదు. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలింది. పోలీసులు స్టేషన్లు వదిలేసి వెళ్లిపోయారు. మర్నాటికల్లా ఢాకా కూడళ్లలో విద్యార్థులు ఈలలు ఊదుతూ, కర్రలు ఊపుతూ ట్రాఫిక్ నడిపారు. పోలీసులు తిరిగి విధుల్లోకి వచ్చేదాకా వాళ్లే నడిపారు. ముందస్తు శిక్షణ లేదు, జీతం లేదు, అయినా పని జరిగింది. ఎందుకు జరిగిందో విడదీసి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఆ పనికి హద్దుంది, ఒక కూడలి. ఫలితం కళ్లెదుటే ఉంటుంది. తప్పు చేస్తే రెండు నిమిషాల్లో హారన్లు మోగి చెబుతాయి. కాళ్లు పీకితే ఇంకొకరు వచ్చి నిలబడొచ్చు, అప్పగింతకు పెద్దగా చెప్పాల్సిందేమీ ఉండదు. పోలీసు రాగానే పని ముగిసిపోతుంది.

దేశాన్ని తిరిగి నిలబెట్టే పనుల్లో చాలావాటికి ఈ గుణాలు ఉండవు. చదువు, తాగునీరు, భూమి రికార్డులు, ఆస్పత్రి మందులు, టెండర్లు, వీటిలో వేటికీ కూడలి లాంటి హద్దు లేదు. తప్పు చేస్తే హారన్ మోగదు, ఆరు నెలల తర్వాత ఎక్కడో బయటపడుతుంది. ఇంత పెద్ద పనిని కూడలంత ముక్కలుగా కోసి చేతికివ్వడమే అసలు విద్య. అది చేతగాక కుర్రాళ్లది బాధ్యత లేని తరమని తిట్టే పెద్దలంటే నాకు చికాకు.

అలా కోసి ఇవ్వడంలో నాకు తెలిసిన అత్యుత్తమ నమూనా కూడా బంగ్లాదేశ్‌దే, కాకపోతే 40 ఏళ్ల కిందటిది. 1970 తుపానులో లక్షల మంది పోయారు. 1971లో యుద్ధం. ఆ తర్వాత కరువు. పిల్లలు విరేచనాలతో, ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతున్నారు. మందు అప్పటికే తెలుసు: ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. పొట్లాలు కట్టి ఊరూరా పంచే స్తోమత దేశానికి లేదు. బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980లో ఇంటింటికీ వెళ్లి తల్లులకు ఇంట్లో ఉన్న సరుకుతోనే ఆ నీళ్లు కలపడం నేర్పే పని మొదలుపెట్టింది. మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. నేర్పింది డాక్టర్లు కాదు, కాస్త చదువుకున్న యువతులు. జట్లుగా ఊళ్లకు నడిచి వెళ్లి, ఒక్కొక్కరు రోజుకు కొన్ని ఇళ్లు పంచుకునేవాళ్లు. 1990కల్లా కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లకు చేరారు.

ఇందులో చూడాల్సింది అంకె కాదు. పని ఎలా తూచారన్నది చూడాలి. ఉప్పు ఎక్కువ పడితే బిడ్డ రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. బెల్లం మరీ ఎక్కువైతే పేగులోకి నీరు లాగి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందుకే చిటికెడంటే ఏ వేళ్లతో, వేలి ఏ గీత దాకా అన్నది కూడా నేర్పాలి. చెప్పేసి వచ్చామంటే చాలదు. ఆ అమ్మాయిలకు డబ్బులు తిరిగిన ఇళ్ల లెక్కన ఇవ్వలేదు. కొన్ని వారాలు గడిచాక వేరే మనిషి, అంటే నేర్పిన అమ్మాయితో సంబంధం లేని పర్యవేక్షకుడు, కొన్ని ఇళ్లను చీటీ తీసినట్టు ఎంచుకుని వెళ్లేవాడు. తల్లికి ఎన్ని అంశాలు గుర్తున్నాయో అడిగేవాడు, నీళ్లు కలిపి చూపించమనేవాడు. తల్లి సరిగా చేస్తే నేర్పిన అమ్మాయికి ఎక్కువ ముడుతుంది, తల్లికి సగమే గుర్తుంటే తక్కువ. ఈ ఒక్క ఏర్పాటుతో పరుగులు పెట్టి ఇళ్లు తిరగడం ఆగిపోయింది. తల్లి చేతే కలిపించి, మళ్లీ చెప్పించుకుని గానీ గడప దిగేవాళ్లు కాదు.

అయినా మొదట్లో బోల్తా పడింది. తల్లులకు పద్ధతి వచ్చింది, కానీ బిడ్డకు జబ్బు చేసినప్పుడు వాడినవాళ్లు తక్కువ. కారణం వెతికితే రెండు తేలాయి. నేర్పే అమ్మాయిల్లోనే చాలామందికి ఆ నీళ్ల మీద నమ్మకం లేదు, తమకు విరేచనాలైతే మాత్రలు మింగేవాళ్లు. వాళ్లను ఢాకాకు పిలిచి, అది ఒంట్లో ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్పారు. తల్లుల ముందు కలిపిన నీళ్లు తామూ ఓ గుక్క తాగి చూపించడం మొదలైంది. రెండోది ఇంటి మగవాళ్లు. తమకు చెప్పకుండా తమ ఇంట్లో ఎవరో ఆడపిల్లలు ఏదో నేర్పుతున్నారని వాళ్ల కినుక. దాంతో సంతల్లో, మసీదుల దగ్గర, బళ్లలో మగవాళ్లకు చెప్పడానికి వేరే మనుషుల్ని పెట్టారు. వాడకం పెరిగింది.

ఈ పథకాన్ని ఇంతసేపు చెప్పడానికి కారణం, యువత పథకాలు నూటికి తొంభై ఇక్కడే చెడతాయి. పని చేసినవాడే పని జరిగిందని రాసుకుంటాడు. ఆ కాగితాన్నే పై అధికారి పైకి పంపుతాడు. తనిఖీ మనిషి వేరే ఉండాలి, ముందు చెప్పకుండా వెళ్లాలి, అన్నీ చూడక్కర్లేదు, ఇరవైలో ఒకటి చూసినా చాలు. ఏ ఒకటి చూస్తాడో ఎవరికీ తెలియకపోతే సరి.

చదువు విషయంలో 1961 నాటి క్యూబాను అందరూ చెబుతారు. ఏప్రిల్ నుంచి బడులు మూసేసి, లక్ష మంది దాకా విద్యార్థులను పల్లెలకు పంపారు. వాళ్లలో చాలామందికి మీసాలు కూడా రాలేదు. వరదేరో తీరంలో వారం పది రోజుల శిక్షణ, తర్వాత చేతికి ఒక తాడు ఊయల, దుప్పటి, లాంతరు, వాచకం. పగలు ఆ ఇంటివాళ్లతో పొలం పని, రాత్రి లాంతరు వెలుగులో పాఠం. ఇంటివాళ్లతో కలిసి పొలంలోకి దిగినవాడి మాట రాత్రి చెల్లుబాటవుతుంది. పెద్దవాళ్లు, కార్మికులు కూడా కలిసి మొత్తం 7 లక్షల మందికి పైగా చదవడం నేర్పారు. ఆఖరి పరీక్ష మార్కులు కాదు, ఒక ఉత్తరం రాయడం. రాయగలిగితే నేర్చుకున్నట్టే. నాకు నచ్చింది ఆ పరీక్ష. కాపీ కొట్టడానికి వీలులేదు, దిద్దేవాడికి నిమిషం పట్టదు.

కానీ ఎనిమిది నెలల చదువు నిలవదు. చదివేందుకు ఏమీ దొరకని ఊళ్లో అక్షరం ఏడాదిలో చెదిరిపోతుంది. క్యూబా వెంటనే పెద్దల కోసం కొనసాగింపు తరగతులు పెట్టుకుంది కాబట్టి నిలబెట్టుకుంది. 1980లో నికరాగ్వా అయిదు నెలల పాటు ఇలాంటి ఉద్యమమే నడిపింది, అరవై వేల మంది దాకా కుర్రాళ్లు, అమ్మాయిలు పల్లెల్లో ఉండి నేర్పారు. ఆ వెనకే వచ్చిన యుద్ధం కొనసాగింపు తరగతుల నడ్డి విరిచింది. అక్షరాస్యత పథకం రాసేటప్పుడు డబ్బులో సగం మొదటి అయిదు నెలలకు, మిగతా సగం తర్వాతి రెండేళ్లకు విడిగా తీసి పెట్టాలి. ఆ రెండో సగంలో చేతిరాత పత్రికలు, గోడ మీద అతికించే వార్తలు, ఊరికో పెట్టెడు పుస్తకాలు ఉండాలి. లేదంటే మొదటి సగం కూడా దండగ.

ఇంకో సంగతి మరుగున పడుతుంటుంది. క్యూబాలో చదువు చెప్పడానికి వెళ్లిన కుర్రాళ్లను చంపారు. ఆ విద్యార్థి దళాలకు పెట్టిన పేరే అలా చనిపోయిన కొన్రాడో బెనితెస్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడిది. నైజీరియాలో అంతర్యుద్ధం 1970లో ముగిశాక, 1973లో జాతీయ యువజన సేవా దళం పెట్టారు. డిగ్రీ అయినవాళ్లు ఏడాది పాటు తమది కాని రాష్ట్రంలో పనిచేయాలి. ఒకరినొకరు చంపుకున్న జాతులవాళ్లు ఒకరి ఊళ్లో ఒకరు బతికితే పగ చల్లారుతుందన్నది ఆలోచన. మంచి ఆలోచనే. 2011 ఎన్నికల్లో ఆ దళం పిల్లలనే పోలింగ్ సిబ్బందిగా పెట్టారు. ఫలితాల తర్వాత చెలరేగిన హింసలో బౌచీ రాష్ట్రంలో ఆ దళం పిల్లలు పది మంది దాకా చనిపోయారు. ఊరికి కొత్తవాడు, భాష రానివాడు, ప్రభుత్వం చొక్కా వేసుకున్నవాడు, గొడవ వస్తే మొదట కనపడేది వాడే. అందుకే కొన్ని నియమాలు రాతలో ఉండాలి. ఒంటరిగా ఎవరినీ పోస్టు చేయకూడదు, కనీసం ఇద్దరు. ఓట్ల లెక్కింపు, పన్ను వసూలు, ఆక్రమణల తొలగింపు లాంటి పనులకు వీళ్లను వాడకూడదు. జట్టు నాయకుడు రోజూ ఒకే సమయానికి ఫోన్ చేయాలి, చేయకపోతే ఎవరు కదలాలో ముందే తేలి ఉండాలి. ఇల్లు చేరడానికి బస్సు చార్జీ ఎప్పుడూ వాళ్ల జేబులోనే ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.

డబ్బు గురించి నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. స్వచ్ఛంద సేవ అన్నమాట వినసొంపుగా ఉంటుంది, కానీ కుదేలైన దేశంలో ఊరికే పనిచేయగలిగేది ఇంట్లో తిండికి లోటులేని పిల్లలే. మిగతావాళ్లు మూడో వారంలో మాయమవుతారు. సోమరితనం వల్ల కాదు, ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి. అమెరికాలో మహామాంద్యం నాటి సీసీసీ, అంటే పౌర పరిరక్షణ దళం, ఈ ముడిని సూటిగా విప్పింది. 1933 మార్చి ఆఖర్న చట్టం వచ్చింది, జూలై మొదటికల్లా రెండున్నర లక్షల మందికి పైగా శిబిరాల్లో ఉన్నారు. మొదట్లో 18 నుంచి 25 ఏళ్ల పెళ్లికాని మగవాళ్లకే. నెలకు 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి. కుర్రాడి చేతికి వచ్చేది 5 డాలర్లే, కానీ తిండి, బట్ట, పడక శిబిరానివే. కుటుంబానికి ఆ 25 ఏ నెలకానెల చేరుతుండటంతో, పని మానేస్తానంటే ఇంట్లోవాళ్లే వెనక్కి పంపేవాళ్లు. తొమ్మిదేళ్లలో 30 లక్షల మంది దాకా పనిచేశారు, 300 కోట్ల దాకా మొక్కలు నాటారు. ఆడపిల్లలకు చోటివ్వలేదు, నల్లజాతివాళ్లను వేరే శిబిరాల్లో పెట్టారు. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది.

సీసీసీలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఒక చిన్న ఏర్పాటు. ప్రతి శిబిరంలో 200 మంది దాకా కుర్రాళ్లు. పట్నంలో పుట్టి గొడ్డలి ఎరగనివాళ్లు ఎందరో. అందుకని దగ్గరి ఊళ్లలో పనెరిగిన పెద్దవాళ్లను, వడ్రంగులను, కలప కోసేవాళ్లను, మేస్త్రీలను కొద్దిమందిని శిబిరానికి జీతానికి పెట్టుకున్నారు. ఒకే దెబ్బకు మూడు చిక్కులు తీరాయి. పిల్లలకు పని వచ్చింది. ప్రమాదాలు తగ్గాయి. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు తమ కూలి లాక్కుంటున్నారన్న ఊరివాళ్ల కోపం చల్లారింది. ఈ రోజుకీ యువత పథకం కాగితం నా కంటబడితే మొదట వెతికేది ఆ పద్దునే: మేస్త్రీ జీతం. అది లేకపోతే మిగతాది చదవబుద్ధి కాదు. పది మంది పిల్లలకు ఒక మేస్త్రీ, యంత్రాలు, ఎత్తులు ఉన్నచోట ఆరుగురికి ఒకరు. ఇంతకు మించి సాగదీస్తే మేస్త్రీ కాపలాదారు అయిపోతాడు, నేర్పడం ఆగిపోతుంది.

యుగోస్లావియాలో 1947లో రెండు లక్షలకు పైగా యువత షామాట్స్ నుంచి సారయేవోకు 242 కిలోమీటర్ల రైలుమార్గం ఏడున్నర నెలల్లో వేశారు. గొప్పే. అయితే దాన్ని చూసి ఇప్పుడెవరైనా పారలు కొనబోతే ఆపాలి. మట్టి ఎత్తే యంత్రం దొరికే రోజుల్లో వేల మందితో కట్ట పోయించడం ఫోటోలకే బాగుంటుంది. యంత్రం చేయలేనివి, మనిషే గడప ఎక్కి చేయాల్సినవి చాలా ఉన్నాయి.

యుద్ధంలో తుపాకీ పట్టిన పిల్లల సంగతి వేరు. లైబీరియాలో 2003 డిసెంబరులో రాజధాని మన్రోవియా దగ్గర నిరాయుధీకరణ శిబిరం, అంటే పోరాటగాళ్లు తుపాకులు అప్పగించే చోటు, తెరిచారు. కొద్దిమంది వస్తారనుకుంటే వేలల్లో వచ్చారు. డబ్బులు అక్కడికక్కడే ఇస్తారని వాళ్లు విన్నారు, ఇచ్చేందుకు ఏర్పాటు లేదు. కాల్పులు జరిగి, పథకాన్నే ఆపి, 2004 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరికి లక్ష మందికి పైగా నమోదయ్యారు, వచ్చిన తుపాకులు 30 వేలు కూడా లేవు. గేటు తెరిచే ముందే బియ్యం, నీళ్లు, మరుగుదొడ్లు, డబ్బు, పేర్లు రాసే బల్లలు అనుకున్నదానికి మూడింతలు సిద్ధంగా ఉండాలని ఆ డిసెంబరు నేర్పింది.

ఆ తర్వాతి మెట్టు వృత్తి శిక్షణ. లైబీరియా, సియెరా లియోన్ రెండింటిలోనూ వడ్రంగం, తాపీ, కుట్టుపని, సబ్బుల తయారీ అంటూ ఓ నాలుగైదు పనులే అందరికీ నేర్పి పంపారు. ఒకే బజారులోకి వందల మంది కొత్త దర్జీలు వస్తే ఎవరికి మాత్రం గిరాకీ ఉంటుంది? శిక్షణలో ఇచ్చిన పనిముట్లను అమ్ముకున్నారు. అదే సమయంలో సియెరా లియోన్‌లో బో, కెనెమా, మకేనీ లాంటి పట్నాల్లో ఒకప్పటి పోరాటగాళ్లే మోటారు సైకిళ్ల మీద జనాన్ని చేరవేయడం మొదలెట్టారు. రోడ్లు గుంతలు, టాక్సీలు తగలబడిపోయాయి, గుంతల్లో పోగలిగేది బండి ఒక్కటే. ఏ పథకమూ చెప్పకుండా వేలమందికి కూడు దొరికింది. వాళ్లే సంఘాలు పెట్టుకున్నారు, పోలీసుల వేధింపుల మీద కలిసి పోరాడారు. గిరాకీ ఎక్కడుందో వాళ్లకు బజారు చెప్పింది.

శిక్షణ పెట్టేవాళ్లు ఆ బజారును ముందే అడగొచ్చు. పెద్ద సర్వే ఏమీ కాదు. నలుగురు కుర్రాళ్లు, నోటు పుస్తకాలు, మూడు రోజులు. ఒక సంత రోజు, రెండు మామూలు రోజులు. ప్రతి దుకాణంలో మూడు ప్రశ్నలు: నిన్న ఎంతమంది పని తెచ్చారు, ఎంతమందిని కాదని పంపారు, ఏ విడి భాగం దొరక్క పని ఆగింది. మొదటి ప్రశ్నకు జవాబు గొప్పలు పోతుంది, వదిలేయండి. రెండోదీ మూడోదీ నిజాలు చెబుతాయి. ఇద్దరు వెల్డర్లు రోజూ పని కాదని పంపుతుంటే అక్కడ ఇంకో ముగ్గురికి చోటుంది, ముప్పై మందికి లేదు. ఆ ముగ్గురికి మాత్రమే వెల్డింగ్ నేర్పాలి. తరగతి నిండలేదని ఇంకో ఇరవై ఏడుగురిని కూర్చోబెడితే మళ్లీ దర్జీల కథే.

ఇప్పుడు ఒక పనిని దగ్గరగా చూద్దాం. చేతిపంపు, వాడుకలో బోరింగు. ఆఫ్రికా, ఆసియా దేశాల్లో లక్షల చేతిపంపులు ఉన్నాయి, వాటిలో ఎప్పుడూ కొన్ని పాడై పడి ఉంటాయి. ఆరుగురు పిల్లలు, ఒక మెకానిక్కు ఉంటే ఆరు నెలల్లో ఒక మండలమంత ప్రాంతంలో అన్నిటినీ చూసి రావచ్చు. ఇండియా మార్క్ 2 రకాన్నే తీసుకుంటాను, అదే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది.

మొదటి నెల ఒక్క స్పానరూ తీయకూడదు. ప్రతి పంపు దగ్గరికీ వెళ్లి రెండు పరీక్షలు చేసి రాసుకోవాలి. నీళ్లు ధారగా వచ్చేదాకా కొట్టి, అరగంట వదిలేసి, మళ్లీ కొట్టాలి. అయిదు పోట్లలోపు, అంటే పిడిని అయిదుసార్లు కిందికి నొక్కేలోపు, నీళ్లు వస్తే సరే. అంతకు మించి పడితే పైపుల అతుకుల్లోనో, అడుగు వాల్వులోనో కారుతోందని అర్థం. తర్వాత ధార వస్తుండగా బకెట్టు పెట్టి నిమిషంలో 40 పోట్లు కొట్టాలి. 10 లీటర్లు కూడా రాకపోతే బోరు లోపల పైపుల అడుగున ఉండే సిలిండర్‌లో కప్పు వాషర్లు అరిగాయి. ఇవి కాక పిడి పక్కలకు ఊగితే బేరింగులు పోయాయి. కొట్టినప్పుడు కిర్రుమంటే గొలుసుకు గ్రీజు లేదు. నీళ్లు ఎర్రగా, చేదుగా వస్తే ఇనప పైపుల్ని నీటిలోని ఆమ్లగుణం తినేస్తోంది, దానికి వాషర్లు మార్చి లాభం లేదు, పైపుల రకమే మార్చాలి. ఈ తేడా తెలియక ఒకే పంపును మూడుసార్లు విప్పి బిగించిన జట్లు ఉంటాయి. ఊరివాళ్లు మాత్రం పక్కనున్న గుంట నీళ్లే తాగుతుంటారు.

రెండో నెల నుంచి విప్పడం. పై భాగం పని, అంటే గొలుసు, ఇరుసు, బేరింగు, పూటలో అయిపోతుంది. కింది భాగమే కష్టం. మార్క్ 2లో కప్పు వాషరు మార్చాలన్నా మొత్తం పైపులు పైకి లాగాలి. ఒక్కో పైపు 3 మీటర్లు. సిలిండర్ 30 మీటర్ల లోతులో ఉంటే పది పైపులు, వాటి లోపల కడ్డీలు, నిండుగా నీళ్లు. ముక్కాలి, బిగింపు క్లాంపు, ఎత్తే స్పానర్లు లేకుండా ఆ పనికి దిగకూడదు. పిల్లలు బలం చూపించాలని చేతులతో లాగబోయేది ఇక్కడే, క్లాంపు సరిగా బిగించక వదిలేసేదీ ఇక్కడే. జారిందంటే మొత్తం గొట్టం బోరులోకి పోతుంది, వేళ్లు పోవచ్చు కూడా. ఒకడు క్లాంపు మీదే ఉండాలి, వాడికి ఇంకే పనీ చెప్పకూడదు. తీసిన కడ్డీలు, పైపులు నేల మీద వేస్తే మట్టి లోపలికి పోతుంది, అడ్డంగా రెండు దుంగలు వేసి వాటిమీద పెట్టాలి. బిగించేముందు మరల్లో మన్ను తుడవాలి. చివర్న బ్లీచింగ్ చేసి, ఆ వాసన పోయేదాకా నీళ్లు కొట్టి పారబోయాలి. దీని తర్వాతి రకం మార్క్ 3 అయితే పైపు లావుగా ఉంటుంది, పైపులు కదపకుండా కడ్డీలతో పాటు పిస్టన్‌ను పైకి లాగొచ్చు, ఇద్దరు చాలు. ఖర్చు ఎక్కువైనా, బాగుచేసే మనుషులు దూరంగా ఉన్న ఊళ్లకు అదే మేలు.

ఈ ఉదాహరణలో యువత పథకానికి కావలసినవన్నీ ఉన్నాయి. లెక్కపెట్టదగ్గ పని, బకెట్టుతో తూచగల ఫలితం, వేరే మనిషి ఏ రోజైనా వెళ్లి 40 పోట్లు కొట్టి చూసే వీలు, నేర్చుకున్నవాడికి తర్వాత బతుకుతెరువు. లేనిది ఒక్కటే, వాషర్లు. నూటికి ఎక్కువసార్లు పని ఆగేది మనుషుల్లేక కాదు, వేళ్ల మీద లెక్కపెట్టేంత ధర లేని రబ్బరు ముక్క దగ్గరి పట్నంలో దొరక్క. అందుకే మొదటి నెల లెక్క తేలగానే ఎన్ని వాషర్లు, ఎన్ని బేరింగులు, ఎన్ని పైపులు కావాలో కూడి, ఇంకో సగం కలిపి ఆర్డరు పెట్టాలి. ఆ సగాన్ని దాచడానికి పట్నంలో ఒక సామాను కొట్టువాడిని పట్టుకోవాలి. దానం చేస్తే పోతుంది, అమ్మకానికి పెడితే ఉంటుంది.

చదువుకున్న, కంప్యూటరు తెలిసిన పిల్లలు చేయగలిగింది ఇంకొకటుంది, ప్రభుత్వ కొనుగోళ్ల మీద కన్నేయడం. ఉక్రెయిన్‌లో 2014 తిరుగుబాటు తర్వాత కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ప్రొజొరో అనే ఆన్‌లైన్ టెండర్ల వ్యవస్థను మొదలుపెట్టారు. 2015 ఫిబ్రవరిలో ప్రయోగంగా నడిచింది, 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ కొనుగోళ్లకు తప్పనిసరైంది. ఎవరు ఎంతకు పాడారో వేలం ముగియగానే ఎవరైనా చూడొచ్చు. అయితే తెర మీద కనిపించినంత మాత్రాన దొంగతనం ఆగదు, చూసేవాళ్లు కావాలి. దానికి నలుగురు పిల్లలు రోజుకు రెండు గంటలు చాలు, ఏం చూడాలో తెలిస్తే. పాట వేసింది ఒక్కరేనా? ప్రకటనకూ గడువుకూ మధ్య మరీ తక్కువ రోజులున్నాయా? కావలసిన వస్తువు కొలతలు ఒకే కంపెనీ సరుక్కి అతికినట్టు రాశారా? టెండరు అక్కర్లేని పరిమితికి కాస్త తక్కువగా ఒకే పనిని నాలుగు ముక్కలు చేశారా? పోయినేడు ఓడినవాళ్లే ఈ ఏడూ ఓడటానికే వచ్చారా? ఇలాంటిది దొరికినప్పుడు ముందు ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. ఆ ఆఫీసుకు ఉత్తరం, రసీదు, వారం గడువు. జవాబు రాకపోతే ఆడిట్‌కు. జవాబులో మనదే తప్పని తేలితే అదీ రాసుకోవాలి. రెండుసార్లు తప్పుడు గోల చేసిన జట్టు మూడోసారి నిజం చెప్పినా ఎవరూ వినరు.

శుభ్రత దినాల మీద నాకు పెద్ద గౌరవం లేదు, ఒకదానికి తప్ప. 2008 మే 3న ఎస్తోనియాలో 50 వేల మంది ఒక్క రోజులో 10 వేల టన్నుల చెత్త ఎత్తారు. అందరూ ఆ రోజునే పొగుడుతారు. అంతకు ముందు నెలల తరబడి కొందరు అడవుల్లో తిరిగి, ఫోన్లలో జీపీఎస్‌తో పదివేలకు పైగా చెత్త గుట్టల్ని పటంలో గుర్తించారు. ఏ గుట్టకు ఎంతమంది, ఏ లారీ అన్నది వచ్చినవాళ్లకు ముందే తెలుసు. ఆ పటం లేకపోతే అది చీపుర్లు పట్టుకుని దిగిన ఫోటోలతో ముగిసేది.

జట్టును నడిపే తీరు గురించి ఇంకాస్త. ఇరవై మందితో మొదలుపెట్టండి, రెండు వందలతో వద్దు. మొదటి ఎనిమిది వారాల్లో పద్ధతిలో తప్పులు ఎలాగూ బయటపడతాయి, ఇరవై మంది దగ్గరైతే దిద్దుకోవచ్చు. హాజరు పట్టీ కన్నా పని పట్టీ ముఖ్యం: తేదీ, ఎక్కడ, ఏం చేశారు, ఎంత, ఏం ఆగింది, ఎందుకు. ఆఖరి గడే అసలైనది, దాన్ని ఖాళీగా వదిలితే పట్టీ తిరిగి ఇచ్చేయాలి. జీతం ఒక తేదీ, ఒకే తేదీ. పది రోజులు ఆలస్యమైతే మంచివాళ్లు ముందు పోతారు, ఎందుకంటే వాళ్లకే వేరే పని దొరుకుతుంది. ఆడపిల్లలు జట్టులో ఉండాలంటే ఉపన్యాసం కాదు, చీకటి పడేలోపు ఇల్లు చేరే వేళలు, తాళం పడే మరుగుదొడ్డి, జట్టులో కనీసం ముగ్గురు అమ్మాయిలు. ఒక్కతే అయితే నెలలో మానేస్తుంది, ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. పార్టీ జెండా, నాయకుడి ఫోటో ఉన్న చొక్కాలు వద్దు. ప్రభుత్వం మారిన మర్నాడు ఆ చొక్కా వల్లే పథకం మూతపడుతుంది.

అప్పగింతకు చివరి మూడు వారాలు కేటాయించాలి. చాలా జట్లు ఆఖరి రోజు దాకా పనిచేసి, మర్నాడు బస్సెక్కేస్తాయి. పంపుల జట్టయితే ఆ మూడు వారాల్లో కొత్త పంపు ఒక్కటీ విప్పకూడదు. ఊరికిద్దరిని, వీలైతే అందులో ఒకరు రోజూ నీళ్లకొచ్చే ఆడమనిషి, కూర్చోబెట్టి పై భాగం వాళ్ల చేతే విప్పించి, వాళ్ల చేతే బిగించాలి. అరగంట ఆగి అయిదు పోట్లు, బకెట్టు పెట్టి 40 పోట్లు వాళ్ల చేతే కొట్టించాలి. తర్వాత ఒక డబ్బాలో రెండు స్పానర్లు, గ్రీజు, రెండు కప్పు వాషర్లు, మెకానిక్కు ఫోను నంబరు పెట్టి, డబ్బా ఎవరింట్లో ఉందో పంపు దిమ్మె మీద రంగుతో రాయాలి.